డిగ్రీకి పెట్టే డబ్బు తిరిగొస్తుందా? లెక్క మీరే వేసుకోవడం ఎలా

కాలేజీలో చేరే ముందు ఇంట్లో జరిగే చర్చ ఎక్కువగా రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది. ఒకటి ఫీజు, రెండోది ఆ కోర్సు చేసినవాళ్లకు వస్తుందని చెప్పే జీతం. ఫీజు ఇంత, జీతం అంత, రెండు మూడేళ్లలో వచ్చేస్తుందిలే అని తేల్చేస్తారు. ఈ రెండు అంకెలూ తప్పే. అసలు ఖర్చు ఫీజు కంటే చాలా ఎక్కువ ఉంటుంది, అసలు లాభం జీతం కంటే చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే డిగ్రీ లేకపోయినా మీరు ఖాళీగా కూర్చోరు కదా, ఏదో ఒక పని చేసి ఎంతో కొంత సంపాదిస్తారు. ఆ సంపాదనకీ డిగ్రీతో వచ్చే సంపాదనకీ మధ్య ఉన్న తేడా ఒక్కటే డిగ్రీ మీకు తెచ్చిపెట్టేది. ఈ తేడాని పట్టుకుంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలు.

ఒక కాగితం తీసుకోండి, లేదా ఎక్సెల్ షీట్ తెరవండి. ఏ దేశం డబ్బైనా లెక్క ఒకటే కాబట్టి, డిగ్రీ లేకుండా ఇవాళే పనిలో చేరితే నెలకు చేతికొచ్చే జీతాన్ని 100 అనుకుందాం. అంటే ఏడాదికి 1,200. మిగతా అంకెలన్నీ దీంతో పోల్చి రాస్తాను, మీరు మీ అంకెలు పెట్టుకోండి.

ముందు ఖర్చు

నాలుగేళ్ల కోర్సు, ఏడాదికి ఫీజు 900 అనుకుంటే మొత్తం 3,600. హాస్టల్, భోజనం రాసేటప్పుడు చాలామంది అక్కడయ్యే ఖర్చంతా వేసేస్తారు. అది సరికాదు, ఇంట్లో ఉన్నా తినాలి, బట్టలు కొనుక్కోవాలి. కాలేజీ వల్ల అదనంగా అయ్యేది ఎంతో అంతే రాయండి. పుస్తకాలు, ల్యాప్‌టాప్, రాకపోకలు, పరీక్ష ఫీజులు కూడా ఇందులోకే వస్తాయి. ఇవన్నీ కలిపి ఏడాదికి 200 అనుకుంటే నాలుగేళ్లకు 800.

ఇక్కడితో చేతి నుంచి పోయేది 4,400. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, కానీ పెద్ద ఖర్చు ఇంకా రాయనేలేదు. ఆ నాలుగేళ్లూ పని చేసి ఉంటే వచ్చే జీతం, ఏడాదికి 1,200 చొప్పున 4,800. ఇది ఎవరూ మీ దగ్గర వసూలు చేయరు, రసీదు ఇవ్వరు, అందుకే ఖర్చులా అనిపించదు. కానీ ఈ ఉదాహరణలో అది ఫీజు కంటే ఎక్కువ. మొత్తం 9,200.

ఇక్కడ ఒక చిన్న మెలిక. ఈ 4,800 రాయాలంటే మీకు నిజంగా ఆ పని దొరికే పరిస్థితి ఉండాలి. పనులు దొరకని కాలంలో వదులుకునే జీతం తక్కువ, కాబట్టి చదువు అప్పుడు చవక. సగం కాలమే పని దొరుకుతుందనుకుంటే 2,400 రాయండి. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేస్తే ఆ సంపాదన తీసేయండి. అదే సబ్జెక్టులు తప్పి ఇంకో ఏడాది పడితే ఆ ఒక్క ఏడాది ఖరీదు ఆ ఏటి ఫీజుతో పోదు, పోయిన జీతం కూడా కలుస్తుంది. ఫీజు నాలుగేళ్లూ అంతే ఉంటుందా, ఏటా పెంచుతారా అన్నది చేరేముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

తర్వాత లాభం

డిగ్రీ అయ్యాక మొదటి జీతం నెలకు 160 అనుకుందాం. అయితే 100తో పనిలో చేరిన మనిషి ఈ నాలుగేళ్లూ అక్కడే ఆగిపోడు, అనుభవంతో అతని జీతం 120 అయి ఉంటుంది. కాబట్టి తేడా 40. మీరు 160 అని సంబరపడే చోట అసలు లాభం 40 అన్నమాట, ఏడాదికి 480.

9,200ని 480తో భాగిస్తే 19 ఏళ్లు దాటుతుంది. చదివి గుండె ఆగినంత పనైందా? తొందరపడకండి, ఈ తేడా అలాగే ఉండిపోదు. చాలా రంగాల్లో చదువుకున్నవాళ్ల జీతం త్వరగా పెరుగుతుంది. డిగ్రీ ఉన్నవాళ్లకి ఏటా 8 శాతం, లేనివాళ్లకి 4 శాతం పెరుగుతుందనుకోండి. అప్పుడు మొదటి ఏడాది 40 ఉన్న తేడా ఐదో ఏడాదికి 77, పదో ఏడాదికి దాదాపు 149. అలా కూడుకుంటూ పోతే పదో ఏడాది మొదట్లో 9,200 పూర్తవుతుంది. 18 ఏళ్లకు చేరి 22కి బయటికొస్తే, 31 దాటాక గానీ పెట్టింది పెట్టినట్టు చేతికి రాదు. ఆ తర్వాత వచ్చేదంతా లాభం, ఇంకా ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితం ఉంటుంది కాబట్టి ఆ లాభం చిన్నదేమీ కాదు.

అంటే మొత్తం ఫలితం మొదటి జీతం మీద కంటే జీతం పెరిగే వేగం మీద ఎక్కువ ఆధారపడి ఉంది. అందుకే కాలేజీవాళ్లని మొదటి జీతం అడిగి ఊరుకోకుండా, ఐదేళ్ల కింద, పదేళ్ల కింద ఆ కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరు, కోర్సు, పాసైన సంవత్సరం పెట్టి చూస్తే ఒక గంటలో చాలా తెలుస్తుంది. అక్కడ కూడా బాగా స్థిరపడ్డవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, ఉద్యోగం లేనివాళ్లు ప్రొఫైల్ ముట్టుకోరు, ఆ మేరకు తగ్గించుకుని చదవండి. 40 ఏళ్ల వయసులో మళ్లీ చదవాలనుకునేవాళ్లకి ఇదే లెక్క వేరే జవాబు చెబుతుంది. ఖర్చు అంతే, ఇంకా ఎక్కువ కూడా, ఎందుకంటే వదులుకునే జీతం ఇప్పుడు పెద్దది, రాబట్టుకునే ఏళ్లు మాత్రం తక్కువ.

పదేళ్ల తర్వాత వచ్చే 100, ఇవాళ్టి 100తో సమానం కాదన్న సంగతి కూడా ఉంది. దీనికి 72 సూత్రం సరిపోతుంది. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు రెట్టింపు అవడానికి పట్టే ఏళ్లు దాదాపుగా వస్తాయి. 8 శాతం వడ్డీ అయితే 9 ఏళ్లు, అంటే తొమ్మిదేళ్ల తర్వాత చేతికొచ్చే 100కి ఇవాళ 50 విలువ కట్టాలి. ఇంత పద్ధతిగా చేయడం ఇష్టం లేకపోతే కనీసం ఒకటి పాటించండి: ధరల పెరుగుదలని ఒక వైపు కలిపి ఇంకో వైపు వదిలేయకండి. జీతం ఏటా 8 శాతం పెరిగి, ధరలు 5 శాతం పెరిగితే నిజంగా పెరిగింది దాదాపు 3 శాతమే.

లోన్ తీసుకుంటే

ఇప్పటిదాకా వేసింది సొంత డబ్బు లెక్క. లోన్ వస్తే కథ మారిపోతుంది, మనుషులు నిజంగా ఇబ్బంది పడేది కూడా ఇక్కడే, కాబట్టి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

4,400 మొత్తం లోన్ తీసుకున్నారు, ఏటా మొదట్లో 1,100 చొప్పున, 10 శాతం వడ్డీ, చదువు అయ్యేదాకా ఏమీ కట్టనక్కర్లేదు అన్నారు. కట్టనక్కర్లేదు అంటే వడ్డీ ఆగిందని కాదు, చాలా లోన్లలో అది నడుస్తూనే ఉంటుంది. ఏటా అసలులో కలుపుతూ పోతే కోర్సు ముగిసేనాటికి బాకీ దాదాపు 5,600. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 74. పదేళ్లకి మొత్తం కట్టేది 8,900 దగ్గర, తీసుకున్నదానికి రెట్టింపు.

ఇప్పుడు ఆ 74ని దేనితో పోల్చాలి? బ్యాంకువాళ్లు జీతంతో పోలుస్తారు, 160లో 74 పోతే 86 మిగులుతుంది అంటారు. మీరు తేడాతో పోల్చండి. డిగ్రీ తెచ్చిన లాభం 40, ఈఎంఐ 74. అంటే మొదటి ఏడాది డిగ్రీ ఉన్న మీ చేతిలో 86, డిగ్రీ లేని మీ స్నేహితుడి చేతిలో 120. అతన్ని మీరు దాటేది ఐదో ఏడాదిలో. ఈ మధ్యలో టెన్షన్, ఇల్లు గడవడం, అనుకోని ఖర్చులు అన్నీ ఉంటాయి. వడ్డీతో కలిపి చూస్తే పెట్టిందంతా తిరిగొచ్చేది పదో ఏట కాకుండా పన్నెండో ఏట సగంలో. కాగితం మీద చివరికి లాభమే కనిపిస్తుంది, కానీ ఆ మొదటి నాలుగేళ్లూ నడిచి దాటగలరా అన్నది వేరే ప్రశ్న, దానికి ఎక్సెల్‌లో జవాబు ఉండదు, ఇంటి పరిస్థితిలో ఉంటుంది.

ఈఎంఐ బరువనిపిస్తే గడువు పెంచుకోండి అని సలహా ఇస్తారు. అదే బాకీని 15 ఏళ్లకు పెడితే ఈఎంఐ 60కి దిగుతుంది నిజమే, మొత్తం కట్టేది మాత్రం 10,800 దాటుతుంది. దానికంటే మంచి దారి, చదువుతున్నప్పుడే వడ్డీ వరకు కట్టేయడం. మన ఉదాహరణలో మొదటి ఏడాది అది నెలకు 9, నాలుగో ఏడాది నెలకు 37. అలా కడితే బాకీ 4,400 దగ్గరే ఆగుతుంది, ఈఎంఐ 58 అవుతుంది, అంతా కలిపి చూసినా 800 పైనే మిగులుతుంది. పార్ట్‌టైమ్ సంపాదనకి ఇంతకంటే మంచి వాడకం నాకు తోచదు.

లోన్ కాగితాల్లో చూడాల్సినవి: వడ్డీ రేటు స్థిరమా, మారుతుందా, చదువు కాలంలో బారువడ్డీయా, చక్రవడ్డీయా, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా, హామీగా ఎవరి సంతకం, ఏ ఆస్తి పెడుతున్నారు. కొన్ని దేశాల్లో వేరే పద్ధతి ఉంది, ఆదాయం ఒక స్థాయి దాటాకే జీతంలో కొంత శాతం చొప్పున వసూలు చేస్తారు. ఆస్ట్రేలియా 1989లో ఇలాంటిది మొదలుపెట్టింది. అలాంటి లోన్ దొరికేవాళ్లకి పైన చెప్పిన మొదటి నాలుగేళ్ల గండం చాలా తగ్గుతుంది, కాబట్టి వడ్డీ రేటు ఒక్కటే చూసి లోన్లని పోల్చకండి.

వాళ్లు చెప్పే అంకెల్ని ఎంత నమ్మాలి

సగటు జీతం అన్న మాట వినగానే జాగ్రత్త పడండి. పదిమంది ఉన్న క్లాసులో తొమ్మిదిమందికి 130, ఒకరికి 900 వస్తే సగటు 207. ఆ క్లాసులో 207 వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. అడగాల్సింది మీడియన్, అంటే జీతాల్ని వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలబడేది, ఇక్కడ 130. మన తేడా లెక్కలో పెడితే 207కీ 120కీ మధ్య 87, 130కీ 120కీ మధ్య 10. ఒకే క్లాసు, ఒకే ఏడాది!

ప్లేస్‌మెంట్ 95 శాతం అంటే ఎవరిలో 95 శాతం అని అడగండి. చేరినవాళ్లలోనా, పాసైనవాళ్లలోనా, ప్లేస్‌మెంట్‌కి పేరు ఇచ్చి అర్హత దాటినవాళ్లలోనా? వంద మంది చేరి, 60 మంది అర్హత పొంది, 57 మందికి ఉద్యోగం వచ్చినా 95 శాతమే రాసుకోవచ్చు. ప్యాకేజీ అంటే అందులో చేతికొచ్చేది ఎంత, ఒక్కసారి ఇచ్చే బోనస్ ఎంత, మూడు నాలుగేళ్లు ఆగితే గానీ రాని భాగం ఎంత. నేరుగా సమాధానం రాకపోతే అదే సమాధానం.

ఇంకో చోట కూడా అందరూ తడబడతారు. ఫలానా పెద్ద కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తున్నారు, కాబట్టి ఆ కాలేజీయే సంపాదన పెంచుతోంది అనుకుంటారు. కానీ అక్కడ సీటు కొట్టేవాళ్లు ఎక్కడ చదివినా బాగానే ఉండేవాళ్లేమో? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా విద్యార్థుల్ని ఇలాగే పరిశీలించారు. ఒకే రకం పేరున్న కాలేజీల్లో సీటు వచ్చినవాళ్లలో కొందరు వాటిలోనే చేరారు, కొందరు వదులుకుని అంత పేరులేని చోట చేరారు. తర్వాత చూస్తే సగటున ఇద్దరి సంపాదనలో పెద్ద తేడా లేదు. పేద కుటుంబాల పిల్లలకి మాత్రం పేరున్న కాలేజీ వల్ల నిజంగానే లాభం కనిపించింది. పరిచయాలు, దారి చూపేవాళ్లు ఇంట్లో లేనివాళ్లకి కాలేజీ ఆ లోటు తీరుస్తుందేమో అని నాకనిపిస్తుంది.

అందుకే డిగ్రీ చేయాలా వద్దా, ఏ కాలేజీలో చేయాలి అన్న రెండు ప్రశ్నల్ని కలపకండి. మొదటిదానికి అవునని తేలినా రెండోదాని లెక్క మళ్లీ విడిగా వేయాలి. ఇంటి దగ్గరే ఉండి చదివే చవక కాలేజీకి నాలుగేళ్లకు మొత్తం 1,800, తర్వాత జీతం 150 అనుకోండి. ఖరీదైనదానికి 4,400, జీతం 160. వదులుకునే జీతం రెండు చోట్లా ఒకటే కాబట్టి కొట్టేయొచ్చు. అదనంగా పెట్టేది 2,600, అదనంగా వచ్చేది నెలకు 10. రెండు జీతాలూ ఏటా 8 శాతం పెరుగుతాయనుకున్నా ఆ 2,600 రాబట్టడానికి 13 ఏళ్లు పడుతుంది, అదీ వడ్డీ లేకుండా. నా అభిప్రాయం అడిగితే చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకునేది డిగ్రీ దగ్గర కాదు, ఈ రెండో ప్రశ్న దగ్గర.

ఒక్కో అదనపు ఏడాది చదువుకి జీతం దాదాపు 9 శాతం పెరుగుతుందని ప్రపంచ సగటుగా చెప్పే అంకె మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. జార్జ్ సకారోపౌలోస్, హారీ పాట్రినోస్ ఎన్నో దేశాల అధ్యయనాల్ని కూర్చి 2018లో ఇచ్చిన లెక్క అది. మంచి అంకే, కానీ అందులో ఎక్కువ భాగం జేకబ్ మిన్సర్ 1974లో స్థిరపరిచిన పద్ధతి మీద నడుస్తుంది, ఆ పద్ధతిలో చదువు ఖర్చంటే వదులుకున్న జీతమే, ఫీజు లెక్కలోకి రాదు. ఫీజు తక్కువున్న చోట అది మీకు దగ్గరగా ఉంటుంది, ఫీజు భారీగా ఉన్న చోట ఉండదు. ఫీజు ఎంత పెట్టినా డిగ్రీ లాభమే అనడానికి ఈ అంకెని అడ్డం పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

అనుకున్నట్టు జరగకపోతే

160 వస్తుందన్నది ఆశ. అది రావడానికి 60 శాతం అవకాశం, లేకపోతే 125 వచ్చే ఉద్యోగమే అనుకుంటే సగటున 146, తేడా 40 నుంచి 26కి పడిపోతుంది. ఈ లెక్క వేయండి, కానీ దాని మీద నిర్ణయం తీసుకోకండి, ఎందుకంటే మీకు 146 ఎప్పుడూ రాదు, 160 అయినా వస్తుంది, 125 అయినా వస్తుంది. 125 వచ్చి 74 ఈఎంఐ ఉంటే మిగిలే 51తో బతకగలరా? గలమంటే ముందుకెళ్లండి. లేదంటే లోన్ తగ్గించుకునే దారి చూసుకోండి. ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలు పడితే, డిగ్రీ లేకుండా అప్పటికి వచ్చే 120 చొప్పున ఇంకో 720 పోతుంది, అది కూడా ఖర్చులో ఒక వరుసగా పెట్టండి.

బయటికొచ్చే ఏడాది మీ చేతిలో ఉండదు. మాంద్యంలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లని కెనడాలో ఏళ్ల తరబడి గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లో వాళ్ల సంపాదన సుమారు 9 శాతం తక్కువగా ఉందని, ఆ దెబ్బ మానడానికి దాదాపు పదేళ్లు పట్టిందని తేలింది. ఇందులో మీరు చేయగలిగింది, ఒకే రంగం మీద ఆశలన్నీ పెట్టే కోర్సుకి భారీ లోన్ తీసుకోకుండా ఉండటం.

అన్నిటికంటే నష్టం తెచ్చేది మధ్యలో ఆపేయడం. ఉద్యోగాలిచ్చేవాళ్లు చాలా చోట్ల పట్టా చూస్తారు, మూడేళ్లు చదివి ఆపేస్తే నాలుగింట మూడొంతుల జీతం ఏమీ ఇవ్వరు. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లోనే చెప్పాడు, పట్టా అనేది నేర్చుకున్న విద్యతో పాటు, ఈ మనిషికి సామర్థ్యం ఉంది అన్న సంకేతాన్ని కూడా ఇస్తుందని. ఆ పనికి 2001లో నోబెల్ పంచుకున్నాడు. కాబట్టి కాలేజీని ఎంచుకునేటప్పుడు చేరినవాళ్లలో ఎంతమంది సమయానికి పూర్తిచేస్తున్నారో తెలుసుకోండి. మీ సంగతి కూడా నిజాయితీగా చూసుకోండి. గణితం అంటే పడనివాళ్లు జీతం బాగుందని గణితం నిండిన కోర్సులో చేరితే, ఆ జీతం వాళ్ల లెక్కలోకి రాదు.

వైద్యం, న్యాయవాదం లాంటివి వేరు. అక్కడ డిగ్రీ లేకుండా లోపలికే రానివ్వరు, కాబట్టి తేడా లెక్కలో రెండో వైపు అదే వృత్తి డిగ్రీ లేకుండా చేయడం ఉండదు, మీరు చేయగలిగే ఇంకో వృత్తి ఉంటుంది. చదువు ఏళ్లు కూడా ఎక్కువ, మొదటి జీతం ఆలస్యం. నాలుగేళ్ల బదులు ఎనిమిదో పదో రాసుకుని మొదటినుంచి వేయండి.

ఆ సబ్జెక్టు అంటే ప్రాణం, డబ్బు లెక్క వద్దు అనేవాళ్లుంటారు. వాళ్లని నేను కాదనను. కానీ లెక్క వేశాక ఆ మాట అనండి. పదేళ్లలో ఇంత తక్కువ వస్తుందని తెలిసి ఇష్టంతో ఎంచుకున్నవాళ్లు తర్వాత పెద్దగా గొణుక్కోరు, తెలియకుండా దిగినవాళ్లే కోర్సుని తిట్టుకుంటారు.

ఇప్పటికే సగం చదివేసి ఈ లెక్క చూస్తున్నవాళ్లకి: కట్టేసిన ఫీజు, గడిచిన రెండేళ్లు మళ్లీ రావు, వాటిని కాగితం మీద రాయకండి. మిగిలిన రెండేళ్ల ఫీజు, ఆ రెండేళ్లలో వదులుకునే జీతం ఒక వైపు, పట్టా వల్ల వచ్చే మొత్తం తేడా ఇంకో వైపు పెట్టండి. ఖర్చు సగమైంది, లాభం అలాగే ఉంది కాబట్టి చాలామందికి పూర్తి చేయడమే మేలని తేలుతుంది. బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయి రెండేళ్లు నాలుగేళ్లయ్యే సూచన ఉంటే మాత్రం నాలుగనే రాయండి, అప్పుడు కోర్సు మారడం, కొన్నాళ్లు ఆపి పనిచేసి మళ్లీ చేరడం కూడా ఇదే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. పాత మార్కులు కొత్త కోర్సులో ఎన్ని చెల్లుతాయో కాలేజీ ఆఫీసులో అడిగి, ఆ జవాబు కాగితం మీద తీసుకున్నాకే మారండి.